కోడ్ రాసింది నేను, గీసింది కంప్యూటర్. మరి బొమ్మ ఎవరిది?

మిర్యాలగూడ_పోరడు
ఈ మధ్య ఆఫీసు పని అయిపోయాక రాత్రిపూట పీ5 జేఎస్‌లో (కోడ్‌తో బొమ్మలు గీయడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కోడ్ రాసి బొమ్మలు తీస్తున్నా. గళ్లు, గీతలు, వలయాలు, అంతే. రన్ కొట్టినప్పుడల్లా కొత్త బొమ్మ వస్తుంది. ఒకటి బాగా నచ్చి పెద్ద సైజులో ప్రింట్ తీయించి హాల్లో పెట్టా. మా బాబాయ్ వచ్చి చూసి "ఇది నువ్వు గీసినవా?" అన్నాడు. కోడ్ నాది, గీసింది కంప్యూటర్ అన్నా. "ఈ గీత ఇక్కడ్నే పడాలని నువ్వనుకున్నవా?" లేదు, అది రాండమ్ అన్నా. "మరి కింద నీ పేరెందుకు రాసుకున్నవ్?"

ఏం చెప్పాలో తోచలేదు. ఆయన సంగతి అలా ఉంచండి, నాకు ఇంకో డౌటుంది. ఎక్కడ ఏం పడాలో లెక్కేసి నేనే గీసిన బొమ్మల్ని రెండోసారి చూడబుద్ధి కాదు. నేను అనుకోకుండా వచ్చిన వాటి ముందు మాత్రం అర్ధరాత్రి దాకా రన్ కొడుతూ కూర్చుంటున్నా. ఇందులో అంత లాగేది ఏముంది?

దేవరకొండ_డెవ్
బాబాయ్‌ని మా కంపెనీకి కోడ్ రివ్యూకి పంపు. ఒక్క ప్రశ్నతో టీం మొత్తాన్ని కూర్చోబెడతాడు.

గద్వాల్_గరం
దీనికి కోడ్ ఎందుకు భయ్యా. ఏఐకి ఒక్క లైన్ చెప్తే నాలుగు బొమ్మలిస్తది, నచ్చింది తీసుకో.

పాలమూరు_పిక్సెల్
గరం, అది వేరు, ఇది వేరు. ఏఐ ఎవరెవరివో లెక్కలేనన్ని బొమ్మలు చూసి నేర్చుకుంటుంది. లోపల ఏం జరిగిందో నీకూ తెలియదు, తయారుచేసినవాడికీ పూర్తిగా తెలియదు. ఇక్కడ రూలంతా నువ్వే రాయాలి. ఎన్ని గళ్లు, ఎంత దూరం, ఎంతవరకు వంకర పోనివ్వాలి, అన్నీ.

బాబాయ్ ప్రశ్న కొత్తదేం కాదు. 1965లో జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో గేయార్గ్ నీస్ కంప్యూటర్ బొమ్మలు ప్రదర్శనకు పెడితే చూడ్డానికొచ్చిన ఆర్టిస్టులకు ఒళ్లు మండింది. దాన్ని ఏర్పాటు చేసిన ప్రొఫెసర్ మాక్స్ బెన్జె, ఇది 'కృత్రిమ కళ' లెండి అని సర్దిచెప్పాల్సి వచ్చింది.

నీస్‌దే 1968 నాటి బొమ్మ ఒకటుంది, పేరు షొట్టర్. వెతికి చూడండి. వరసకు 12 చతురస్రాలు, మొత్తం 22 వరసలు. పై వరసలు స్కేలు పెట్టి గీసినంత నీటుగా ఉంటాయి. కిందికి వచ్చేకొద్దీ ఒక్కో చతురస్రం కాస్త పక్కకు జరుగుతుంది, కాస్త తిరుగుతుంది, అడుగుకొచ్చేసరికి అంతా చిందరవందర. మా ఊరి సీసీ రోడ్డు పంచాయతీ ఆఫీసు దగ్గర మొదలై మా ఇంటి దాకా వచ్చినట్టు.

అందులో రాండమ్ ఏది ఎంత జరగాలన్నంత వరకే. వరస దిగేకొద్దీ ఆ జరుగుడు పెరగాలన్నది నీస్ నిర్ణయం. మొదటి వరస నుంచే అంతా రాండమ్ చేసి చూడు, అర నిమిషంలో బోర్ కొడుతుంది. అంతా నీటుగా ఉంచినా అంతే. ఏ వరస దగ్గర క్రమం చెడటం మొదలైందా అని కన్ను వెతుక్కుంటూ పోతుంది చూడు, నిన్ను లాగేది అదే అని నా లెక్క.

సూర్యాపేట_సూటిగా
మజా ఉంటే ఉండొచ్చు. ఇంటర్ పిల్లాడు కూడా రాయగల కోడ్‌ని ఆర్ట్ అని గోడకెక్కిస్తే, ఏళ్ల తరబడి చేయి తిప్పి బొమ్మ నేర్చుకున్నవాడి గతేంటి? నేను బాబాయ్ పార్టీ.

దేవరకొండ_డెవ్
సూటిగా గారూ, అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ కంపెనీ పరిశోధన సంస్థలో మైకేల్ నాల్ అనే ఇంజనీరు మీలాంటి వాళ్లకే పరీక్ష పెట్టాడు. మాండ్రియన్ అనే డచ్ చిత్రకారుడు 1917లో వేసిన గీతల పెయింటింగ్ ఒకటి, అదే పద్ధతిలో తన ప్రోగ్రాం గీసింది ఒకటి, రెంటి కాపీలూ 100 మందికి చూపించాడు. 59 మందికి కంప్యూటర్‌దే ఎక్కువ నచ్చింది. ఏది కంప్యూటర్‌దో సరిగ్గా పోల్చుకున్నది 28 మందే. 1966లో పేపర్ వేశాడు.

సూర్యాపేట_సూటిగా
ఆ 100 మంది ఎవరు?

దేవరకొండ_డెవ్
బెల్ ల్యాబ్స్ ఉద్యోగులే 😀

సూర్యాపేట_సూటిగా
చాలు. సొంత కంపెనీ మెషీన్‌ని కాదంటారా ఎవరైనా. ఇంకో మాట, నాల్ ప్రోగ్రాం మాండ్రియన్‌ని చూసి గీసింది. మాండ్రియన్ ఎవరి ప్రోగ్రాంనీ చూసి గీయలేదు.

నల్లగొండ_నిద్రలేదు
రెండో పాయింట్ గట్టిగా తగిలింది.

నారాయణపేట_టీచరమ్మ
సూటిగా, చేయి తిప్పి నేర్చుకోవడం అన్నారు కదా. మెలికల ముగ్గు వేసేవాళ్లు చేసేది ఏంటి మరి? ముందు చుక్కలు పెట్టాలి. గీత చుక్కను తాకకూడదు, చుట్టూ తిరగాలి, మొదలైన చోటే వచ్చి కలవాలి. ఇవి రూల్సే. మద్రాసులో గిఫ్ట్ సిరొమనీ అనే ప్రొఫెసరు, ఆయన బృందం 1970ల్లోనే ముగ్గుల్ని తీసుకుని ఇలాంటి బొమ్మలకు వ్యాకరణం రాయొచ్చని కంప్యూటర్ సైన్స్ పేపర్లు వేశారు. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించాను. నాలుగు రకాల గడులు గీసిన అట్టముక్కలు, ఒక పాచిక. పాచిక ఏది చెప్తే ఆ ముక్క పెట్టాలి. గీతలు వాటంతట అవే కలిసిపోయి ఎక్కడికో వెళ్తుంటే క్లాసు క్లాసంతా లేచి నిలబడింది. గణితం పీరియడ్‌లో అట్లా నిలబడటం నేను చూడలేదు.

మిర్యాలగూడ_పోరడు
టీచరమ్మా, మీరు చేయించిన దాని వెనక కూడా చరిత్ర ఉంది. ట్రూషే అనే ఫ్రెంచాయన 1704లోనే సగం తెలుపు సగం నలుపు పలకల్ని తిప్పి తిప్పి పెడితే ఎన్ని డిజైన్లు వస్తాయో రాశాడు. కమోడోర్ 64 కంప్యూటర్ కాలంలో ఒకే ఒక్క లైన్ కోడ్ తిరిగేది. అటు వాలిన గీతో, ఇటు వాలిన గీతో, రెంటిలో ఒకటి వేస్తూ పోవడమే దాని పని. స్క్రీన్ నిండా దారులు దారులుగా వస్తుంది. నేను మొదట రాసింది అదే.

నారాయణపేట_టీచరమ్మ
వెరా మోల్నార్ గురించి కూడా చదువు బాబూ. 1924లో బుడాపెస్ట్‌లో పుట్టింది, పారిస్‌లో స్థిరపడింది. కంప్యూటర్ దొరకకముందే, తనే కంప్యూటర్ అనుకుని రూల్స్ రాసుకుని చేత్తో గీసేది. 1968లో అసలు మెషీన్ దగ్గరికి వెళ్లగలిగింది. నీటుగా ఉన్న చతురస్రాల్లో నూటికి ఒక్క వంతు గడబిడ పెట్టి చూసేది. 2023లో పోయేదాకా పని ఆపలేదు. చేయి తిప్పినవాళ్ల గతి అని అడిగారు కదా సూటిగా, ఆమె చేయీ తిప్పింది, కోడూ రాసింది.

చిటికి_మగ్గం
మాది పుట్టపాక దిక్కు. మగ్గం ఇంట్లనే ఉంటది. గ్రాఫు గీసుడు, చిటికి కట్టుడు (ఇక్కత్ అంటరు కద, అదే) నా పని. కిందికి మీదికి అంతా చదివిన, ఒక మాట చెప్పాలనిపించింది.

మీరందరూ కొంచెం వంకర పోతే అందం అంటున్నరు. మా పనిల వంకర పోతే పైసలు పోతయి. పేక పోగులను, అంటే అడ్డపోగులను, ఆసు పోసి, గ్రాఫు చూసి గుర్తులు పెట్టి, రంగు ఎక్కొద్దనుకున్న కాడ సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతోటి బిగిచ్చి కట్టి రంగుల ముంచుతం. ఇంకో రంగు కావాలంటే విప్పి మళ్ల కట్టాలె. నేసేటప్పుడు ఒక్కొక్క పోగు అంచు కాడ వేలితోటి ఇంత గుంజి, పువ్వు పువ్వుకు కలిసిందా అని చూసుకోవాలె. ఎంత చూసినా వెంట్రుకంత జరుగుతది. ఎక్కువ జరిగితే మజూరీల కోత.

ఒకసారి కొంగు కాడ పువ్వు జరిగిందని నాకు మజూరీ సగం కూడ ఇయ్యలేదు సేటు. అదే చీర షోరూంల వేలాడదీసి, 'అంచులు చెదిరినట్టు కనపడుతున్నయి చూడండి మేడమ్, చేత్తోటి చేసిందానికి గుర్తు' అని అమ్మిన్రు. మా మరదలు ఆడ పనిచేస్తది, ఆమెనే చెప్పింది. పువ్వు జరిగితే నాకు కోత, వాళ్లకు రేటు, నీకు ఫ్రేము.

నల్లగొండ_నిద్రలేదు
ఇక్కడితో థ్రెడ్ మూసేయొచ్చు.

పాలమూరు_పిక్సెల్
మూయొద్దు, ఇప్పుడే అసలు విషయంలోకి వచ్చింది. మగ్గం అన్న చెప్పింది డబ్బుల సంగతి, దానికి మన దగ్గర జవాబు లేదు. కానీ 'జరిగితే ఎందుకు బాగుంటుంది' అన్నది కూడా ఆ చీరలోనే ఉంది.

మిర్యాలగూడ_పోరడు
అన్నా, మీ పోస్ట్ చదివాక ఊరుకోలేక ఒకటి చేశా. చిటికి డిజైన్‌ని గళ్లుగా తీసుకుని, ప్రతి అడ్డపోగునీ కాస్త కుడికో ఎడమకో రాండమ్‌గా జరిపా. బొమ్మ పెట్టాను చూడండి. మీ చీరకి దగ్గరగా ఉందా?

చిటికి_మగ్గం
లేదు తమ్మీ. అంచులన్నీ గజిబిజిగ గీకినట్టున్నయి. నువ్వు పోగుకోసారి కొత్తగ పాచిక ఏస్తున్నవ్. మగ్గం మీద అట్ల జరగదు. కింది పోగు ఎక్కడ ఆగిందో మీది పోగు దాని పక్కపొంటే వస్తది. పట్టు కొంచెం సడలితే నాలుగైదు పోగులు వరసగ ఒక్క దిక్కే పోతయి. నేసేటాయన చూసి గుంజంగనే మళ్ల నెమ్మదిగ జాగకు వస్తయి. అంటే పువ్వు అంచు పాకుతది, ఎగరది.

ఇంకోటి. రబ్బరు కట్టు కిందికి రంగు కొంచెం పారుతది. కట్టు బిగువు ఉన్న కాడ తక్కువ, వదులున్న కాడ ఎక్కువ. ఒక కట్టు కింద ఉన్న పోగులన్నిటికి అదే మచ్చ ఉంటది. నీ దాంట్ల ఏ పోగుకు ఆ పోగే.

పడుగు (నిలువు పోగులు), పేక రెండూ చిటికి కట్టిన తేలియా రుమాలు అయితే నిలువుకు జరుగుతది, అడ్డానికి జరుగుతది. రెండూ కలిసే కాడ ఏమైతదో నువ్వే చేసి చూడు.

పాలమూరు_పిక్సెల్
మగ్గం అన్న ఇప్పుడు చెప్పింది కెన్ పెర్లిన్‌కి ఆస్కార్ వాళ్ల టెక్నికల్ అవార్డు తెచ్చిపెట్టింది తెలుసా. 1980ల మొదట్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ అన్నీ మరీ మెషీన్ చేసినట్టు నున్నగా ఉన్నాయని ఆయనకు చిరాకు. ఉత్త రాండమ్ కలిపితే టీవీలో సిగ్నల్ పోయినప్పటి చుక్కలే వస్తాయి. పక్కపక్క చుక్కలకు సంబంధం ఉండి, దూరం పోయేకొద్దీ ఆ సంబంధం తెగిపోయే రాండమ్ కావాలి. అదే పెర్లిన్ నాయిజ్. 1985లో ప్రచురించాడు, 1997లో అవార్డు. మబ్బులు, కొండలు, పాలరాయి, అన్నీ దాంతోనే గీస్తారు.

పోరడా, పీ5లో రాండమ్ బదులు నాయిజ్ అని వాడు. ఇంకా దగ్గరగా రావాలంటే ముందు పోగు జరిగినదానికి కొంచెం కలుపుతూ పో, హద్దు దాటితే వెనక్కి లాగు. ఆ లాగుడే నేసేవాళ్ల వేలు.

గద్వాల్_గరం
ఆ లాగుడే వేలు 👌 ఏఐ సంగతి నేను ఎత్తలేదనుకోండి.

రేడియం_భాయ్
నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నంబర్ ప్లేట్ల స్టిక్కర్లు కట్ చేస్తాం. మా కటింగ్ మెషీన్‌లో బ్లేడు తీసి జెల్ పెన్ను బిగించి ఒక స్టూడెంట్ ఇట్లాంటి బొమ్మలు గీయించుకుపోతాడు. చదువుతుంటే గుర్తొచ్చింది. కంప్యూటర్‌లో గీతలన్నీ ఒకటే మందం. పేపర్ మీద పెన్ను ఆగిన చోట చుక్క లావెక్కుతుంది, స్పీడు పెరిగితే సన్నబడుతుంది, అక్కడక్కడ సిరా తెగుతుంది. ఆ పిల్లాడు తెగిన షీట్లే ఏరుకుని తీసుకుపోతాడు. నేనైతే అవి పారేసేవాణ్ణి.

పాలమూరు_పిక్సెల్
భాయ్, నీస్ వాళ్లు గీయించింది కూడా అట్లాంటి మెషీన్ మీదే. జూజ్ కంపెనీ గ్రాఫోమాట్.

రేడియం_భాయ్
ఆ మెషీన్ ఇప్పుడు దొరుకుతదా, ధరెంత?

పాలమూరు_పిక్సెల్
మ్యూజియంలో అడగాలి 😀

మా వైపుది ఒకటి చెప్తా. మన పాలమూరు పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రిని కోడ్‌తో పెంచా. లిండెన్‌మేయర్ అనే బయాలజిస్టు 1968లో మొక్కలు ఎట్లా కొమ్మలేస్తాయో రూల్స్‌గా రాశాడు. కొమ్మ ఇంత పెరిగితే రెండుగా చీలాలి, ఇంకింత పెరిగితే ఊడ దించాలి. రూలు ఒక్కటే ఉంటే అష్టకోణాల బొమ్మ వచ్చింది, చెట్టు రాలేదు. చీలే కోణంలో కాస్త రాండమ్ కలిపితే చెట్టయింది కానీ పార్కులో పెంచిన చెట్టు. అప్పుడు గుర్తొచ్చింది, 2018లో చెదలు పట్టి మన మర్రికి సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు కదా. కోడ్‌లో చెదలు వదిలా. లెక్కలేకుండా అక్కడో కొమ్మ ఇక్కడో కొమ్మ తినేస్తుంది, ఊడల మీద నిలబడ్డ కొమ్మలు మాత్రం మొదలుతో సంబంధం తెగినా మిగులుతాయి. ఇప్పుడు చూసినవాళ్లు పేరు చెప్పకముందే పిల్లలమర్రి అంటున్నారు.

దేవరకొండ_డెవ్
సెలైన్‌కి కూడా ఒక ఫంక్షన్ రాయి.

సూర్యాపేట_సూటిగా
చెదలు బాగుంది, ఒప్పుకుంటా. కానీ అడిగింది అట్లాగే ఉంది. కోడ్ వందల బొమ్మలిస్తుంది, మీరు ఒకటి ఏరుకుంటారు. ఏరుకోవడమే కళ అయితే రైతుబజార్‌లో వంకాయలు ఏరే ప్రతివాడూ కళాకారుడే.

దేవరకొండ_డెవ్
ఏరుకునే వీలు కూడా లేని పద్ధతి ఒకటుంది. 2021లో టైలర్ హాబ్స్ అనే ఆర్టిస్టు ఫిడెంజా అని 999 బొమ్మలు ఎన్ఎఫ్‌టీలుగా (ఇది ఫలానావాడిది అని బ్లాక్‌చెయిన్‌లో రాసిపెట్టే డిజిటల్ బొమ్మలు) వదిలాడు. కొన్నవాడు కొన్న క్షణంలోనే వాడి బొమ్మ తయారవుతుంది. అది ఎట్లా ఉంటుందో హాబ్స్‌కీ ముందు తెలియదు, తీసేయడానికి ఉండదు. 999లో ఏదొచ్చినా పరువు నిలిచేంత గట్టిగా రూలు రాయాలి. దాని ముందు మనలాగా రన్ కొట్టి బాగున్నది దాచుకోవడం సుళువు.

నల్లగొండ_నిద్రలేదు
ఆ ఎన్ఎఫ్‌టీల పేరెత్తకండి. మా బావ ఆ ఏడాది కోతి బొమ్మ కొన్నాడు. ఇప్పటికీ అక్క ముందు ఫోన్ గ్యాలరీ తెరవడు.

చిటికి_మగ్గం
డెవ్ చెప్పింది మా లెక్కనే ఉంది. కట్టి రంగులేసినంక తీసేసుడు ఉండదు, వచ్చింది నేయాల్సిందే. అందుకే గ్రాఫు కాడనే సగం పని.

కానీ పోరడు తమ్మిది వేరే. ఆయన తీసేస్తున్నడు కద. సూటిగా గారు అడిగినదానికి నాకు తోచింది చెప్త. నచ్చిన బొమ్మ చూపెడితే అది ఆయనదో కంప్యూటర్‌దో ఎట్ల తెలుస్తది? తీసేసినవి చూపెట్టమనాలె. తీసేసిన వాటిల ఒక వరస కనపడితే ఆయన చూపు అందుల ఉన్నట్టు. కనపడకపోతే బాబాయ్ అన్నది ఖరారు.

పాలమూరు_పిక్సెల్
ఇది మాకెవరికీ తట్టలేదన్నా.

మిర్యాలగూడ_పోరడు
అన్నా, తీసేసినవి నేను దాచుకోలేదు.

పాలమూరు_పిక్సెల్
సీడ్ నంబర్లు పెట్టావా లేదా? పెడితే ఏదీ పోదు. మగ్గం అన్నా, కంప్యూటర్ వేసే పాచిక నిజం పాచిక కాదు. ఒక అంకె ఇస్తే దాని నుంచి లెక్క కట్టి 'రాండమ్' అంకెలు వరసగా తీస్తుంది. కోడ్ మార్చకుండా అదే అంకె ఇస్తే ఎన్నేళ్ల తర్వాతైనా అదే బొమ్మ. ఆ అంకెనే సీడ్ అంటారు.

సూర్యాపేట_సూటిగా
అంటే ఇన్ని పోస్టుల నుంచి రాండమ్ రాండమ్ అంటున్నది రాండమ్ కాదా! బాగుంది.

మిర్యాలగూడ_పోరడు
సీడ్ పెట్టాను, 1 నుంచి వరసగా. మగ్గం అన్న చెప్పినట్టు పాకే పద్ధతిలోకి కోడ్ మార్చి 60 దాకా మళ్లీ నడిపా. అన్నీ ఒకే షీట్‌లో పెట్టా. నేను ఉంచుకున్న ఐదింటి చుట్టూ ఎర్ర గీత ఉంది. మిగతావి తీసేసినవి.

నారాయణపేట_టీచరమ్మ
ఉంచుకున్న ఐదూ నిండుగా ఉన్నాయి. ఖాళీ ఎక్కువ ఉన్నవన్నీ తీసేశావు. నీకు తెలిసే చేశావా?

మిర్యాలగూడ_పోరడు
మీరు చెప్పేదాకా తెలియదు.

చిటికి_మగ్గం
వరస ఉన్నది, నీ చూపు ఉన్నది. సంతకం పెట్టుకో, బాబాయ్‌తోటి నేను మాట్లాడత. కానీ 41 ఎందుకు తీసేసినవ్? షీటు మొత్తంల అదే మంచిగున్నది.

మిర్యాలగూడ_పోరడు
41లో నడుమంతా ఖాళీ అన్నా. అంచుల దగ్గర తప్ప ఏమీ లేదు.

చిటికి_మగ్గం
ఖాళీ ఉంటేనే అంచు పాకేది కండ్లకు ఆనుతది. నింపిన దాంట్ల పువ్వు జరిగిందో లేదో ఎవనికి తెలుస్తది? సేటుకు కూడ తెల్వది.

సూర్యాపేట_సూటిగా
నా ఓటు 17కి. ఖాళీ లేదు, మరీ నిండుగానూ లేదు.

చిటికి_మగ్గం
17 బెడ్‌షీట్‌కు పనికొస్తది.

రేడియం_భాయ్
41 ఫైల్ పంపండి, పెన్నుతో తీసి చూస్తా. 17 కూడా తీస్తా, సూటిగా గారు పేపర్ ఖర్చు ఇస్తే.